క్యాసినో లోపలి లెక్కలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పొగాకు వేలం డబ్బులు ఖాతాలో పడ్డాకో, రొయ్యల పట్టుబడి అయ్యాకో ‘గోవా టూర్, మూడు రాత్రులు, అంతా ఫ్రీ’ అనే మెసేజీలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వెళ్లొచ్చిన వాళ్లు ఒక మాట చెబుతారు, వెళ్లని వాళ్లు ఇంకో మాట చెబుతారు. క్యాసినో మోసం అనేవాళ్లూ ఉన్నారు, కిటుకు తెలిస్తే కొట్టేయొచ్చు అనేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. అదొక వ్యాపారం. దాని లెక్క రైస్ మిల్లు లెక్కంత సూటిగా ఉంటుంది. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

క్యాసినో అంటే పెద్ద పేకాట క్లబ్బేగా?

కాదు. మన క్లబ్బుల్లో పదమూడు ముక్కలాట ఆడేటప్పుడు మీ డబ్బు ఎదుటివాడికి పోతుంది, వాడిది మీకొస్తుంది. క్లబ్బు వాళ్లు టేబుల్‌కు ఇంతని తీసుకుని పక్కన కూర్చుంటారు. ఎవరు గెలిచినా వాళ్లకు ఒకటే. క్యాసినోలో దాదాపు ప్రతి ఆటలోనూ మీకు ఎదుటివాడు క్యాసినోయే. పక్క కుర్చీలో ఉన్నాయన గెలిస్తే మీకు పోయేదేమీ లేదు, ఓడితే వచ్చేదీ లేదు. పోకర్ ఒక్కటే క్లబ్బు పద్ధతిలో నడుస్తుంది. అక్కడ ప్రతి ఆటలో పోగైన మొత్తం నుంచి కొంత శాతాన్ని, ఒక గరిష్ఠ పరిమితి దాటకుండా, నిర్వాహకులు తీసుకుంటారు.

మోసం లేకపోతే మరి వాళ్లకు డబ్బెలా మిగులుతుంది?

తరుగుతో. ధాన్యం అమ్మిన వాళ్లకు ఈ మాట గురించి వేరే చెప్పక్కర్లేదు. పుట్టి 850 కిలోలు తూచి, తేమనీ తాలనీ కొంత కోసి మిగతాదానికి డబ్బిస్తారు. క్యాసినో కూడా అంతే, కాకపోతే ఆ కోత తూకంలో కనిపించదు, చెల్లింపులో దాగి ఉంటుంది.

రూలెట్ చక్రం తీసుకోండి. 1 నుంచి 36 దాకా అంకెలు, పైన ఒక సున్నా, మొత్తం 37 గళ్లు. ఒక్కో గడి మీద 100 చొప్పున అన్నింటి మీదా మీరే పెట్టారనుకోండి, 3,700 అయింది. బంతి ఎక్కడ పడినా ఒక గడి గెలుస్తుంది. ఒకటికి 35 చొప్పున 3,500, దాని మీద మీరు పెట్టిన 100, కలిపి 3,600 చేతికొస్తాయి. 100 తగ్గింది. 3,700కు 100 అంటే 2.70 శాతం. చక్రాన్ని వంచక్కర్లేదు, బంతిలో అయస్కాంతం పెట్టక్కర్లేదు. 36 ఇవ్వాల్సిన చోట 35 ఇస్తే చాలు. పుట్టి ధాన్యంలో 2.70 శాతమంటే సుమారు 23 కిలోలు.

రెండు సున్నాలుండే అమెరికా చక్రంలో గళ్లు 38, చెల్లింపు మాత్రం అదే 35. అక్కడ తరుగు 5.26 శాతం. కూర్చునే ముందు సున్నాలు ఎన్నున్నాయో చూసుకుంటే చాలు, సగం తరుగు తప్పుతుంది.

ఏ ఆటలో తరుగు ఎంత?

బకారాలో ‘బ్యాంకర్’, ‘ప్లేయర్’ అని రెండు వైపులా ముక్కలు పంచుతారు, ఏ వైపు మొత్తం తొమ్మిదికి దగ్గరైతే అది గెలుస్తుంది. ‘బ్యాంకర్’ మీద పెడితే 1.06 శాతం, ‘ప్లేయర్’ మీద 1.24 శాతం. అదే టేబుల్ మీద ‘టై’ అనే గడి ఉంటుంది, ఒకటికి ఎనిమిది ఇస్తామని ఊరిస్తుంది. దాని తరుగు 14 శాతం పైమాటే. బ్యాంకర్ మీద గెలిస్తే 5 శాతం కమీషన్ కోస్తారు. అది అన్యాయమని చాలామంది గొణుగుతారు గానీ, ఆ కోత తర్వాత కూడా ఆ టేబుల్ మీద తక్కువ తరుగు ఉన్నది దానికే.

బ్లాక్‌జాక్ అంటే 21 దాటకుండా క్యాసినో కన్నా ఎక్కువ తెచ్చుకునే ఆట. అందులో ఏ ముక్కకు ఏం చేయాలో పట్టిక ప్రకారం తప్పకుండా ఆడితే అర శాతం దగ్గర ఉంటుంది. అయితే ‘బ్లాక్‌జాక్’ (మొదటి రెండు ముక్కల్లోనే 21) పడితే రెండుకు మూడు ఇచ్చే టేబులా, ఐదుకు ఆరు ఇచ్చే టేబులా అన్నది టేబుల్ మీద పరిచిన గుడ్డ మీదే రాసి ఉంటుంది, చదవండి. ఆ ఒక్క మార్పుతో తరుగు ఇంకో 1.4 శాతం దాకా పెరుగుతుంది.

అందర్ బాహర్ అంటే మన లోపల-బయటే. మొదటి ముక్క ఏ వైపు పడుతుందో ఆ వైపు గెలిచే అవకాశం 51.5 శాతం. అందుకని ఆ వైపు గెలిస్తే చాలాచోట్ల 100కు 90 ఇస్తారు, రెండోవైపు గెలిస్తే 100కు 100. మొదటి వైపు తరుగు 2.15 శాతం, రెండోవైపు 3 శాతం. పూర్తి డబ్బులిచ్చే వైపే ఖరీదన్నమాట! చాలామంది 90 చూసి చిన్నబుచ్చుకుని అటువైపు మళ్లుతారు.

తిరనాళ్లలో గుండాట కన్నా ఇది నయమేనా?

లెక్క చూద్దాం. ఆరు బొమ్మలు, మూడు పాచికలు. మీ బొమ్మ ఒకసారి పడితే ఒకటికి ఒకటి, రెండుసార్లు పడితే రెండు, మూడూ పడితే మూడు. వినడానికి సరిసమానంగా ఉంటుంది. ఆరు బొమ్మల మీదా తలా రూపాయి పెట్టి, పడగల 216 రకాలూ ఒక్కోసారి పడ్డాయనుకోండి. మీరు పెట్టింది 1,296 రూపాయలు. మూడు పాచికలూ వేరువేరుగా పడేవి 120. అప్పుడు ఆట నడిపేవాడికి ఏమీ మిగలదు. రెండు ఒకటిగా పడేవి 90, ఒక్కోసారి వాడికి రూపాయి మిగులుతుంది. మూడూ ఒకటే పడేవి 6, ఒక్కోసారి రెండు రూపాయలు. మొత్తం 102. అంటే 7.87 శాతం. పాచికలు నికార్సుగా ఉంటేనే ఇంత. కాబట్టి అవును, తరుగులో రూలెట్ నయం. కానీ గుండాటలో పది రూపాయల నోటు పెట్టే మనిషి గోవాలో ఐదువందల బిళ్ల (డబ్బుకు బదులు క్యాసినో ఇచ్చే ‘చిప్’) పెడతాడు. ఆ సంగతి ఏ శాతంలోనూ కనిపించదు.

రెండున్నర శాతమే అయితే తీసుకెళ్లిన పదివేలూ ఎందుకు పోతున్నాయి?

ఇది అడగాల్సిన ప్రశ్న. తరుగు పడేది మీరు తీసుకెళ్లిన డబ్బు మీద కాదు, పెట్టిన ప్రతి పందెం మీద. 10,000తో కూర్చుని 500 చొప్పున ఆడుతున్నారు. గంటకు 40 సార్లు చక్రం తిరిగితే మూడు గంటల్లో 120 పందేలు, 60,000 రూపాయల ఆట. గెలిచినవే మళ్లీ పెడుతున్నారు కాబట్టి అది మీకు 60,000గా అనిపించదు. అందులో 2.7 శాతం 1,620. మీ పదివేలలో అది 16 శాతం. ఇంకో మూడు గంటలు కూర్చుంటే 32 శాతం. ఇది సగటు. మధ్యలో వరసగా పోయినప్పుడు పదివేలూ అయిపోయి లేచిపోయేవాళ్లూ ఇందులోనే ఉన్నారు.

క్యాసినో లెక్కల్లో ఆటగాళ్లు బిళ్లలుగా మార్చుకోవడానికి టేబుల్‌కు తెచ్చిన మొత్తం డబ్బును ‘డ్రాప్’ అంటారు, అందులో క్యాసినోకు మిగిలిన భాగం ‘హోల్డ్’. తరుగు రెండు మూడు శాతమే అయినా హోల్డ్ 15, 20 శాతం ఉండడానికి కారణం డబ్బు తిరగడమే. అందుకే క్యాసినోకు కావాల్సింది మీరు ఓడిపోవడం కాదు, కూర్చోవడం. అక్కడ గడియారం కనిపించదు, కిటికీ ఉండదు. తిండి టేబుల్ దగ్గరికే వస్తుంది. మధ్యలో స్టేజీ మీద డాన్సు, పాట. ఇవన్నీ కుర్చీలో ఉండే సమయాన్ని పెంచడానికే.

‘మీకు రూం ఫ్రీ’ అని ఏ లెక్కన ఇస్తారు?

మీ సగటు పందెం × గంటకు ఆటలు × గంటలు × తరుగు. అంతే. సభ్యత్వ కార్డు టేబుల్ దగ్గర ఇవ్వమనేది దీనికోసమే, సూపర్‌వైజర్ మీ సగటు పందెం అందులో ఎక్కిస్తాడు. 1,000 చొప్పున, గంటకు 40 సార్లు, 4 గంటలు, 2.7 శాతం అంటే 4,320 రూపాయలు. మీరు ఆ రాత్రి నిజంగా గెలిచారా ఓడారా అన్నది ఈ లెక్కలో రాదు. మీ విలువ 4,320. అందులో 20 నుంచి 40 శాతం, అంటే సుమారు 860 నుంచి 1,730 దాకా మీకు తిండి, గది, తిరుగు టికెట్ రూపంలో వెనక్కిస్తారు. ‘ఫ్రీ’ అన్న గది బాడుగ ఐదువేలైతే, మీరు ఎంత ఆడతారని వాళ్లు అనుకుంటున్నారో వెనక్కి లెక్కేసుకోవచ్చు.

ప్రవేశ టికెట్‌తో పాటు ఇచ్చే ఉచిత బిళ్లల విలువెంత?

వాటిని ఒక్కసారే ఆడనిస్తారు. గెలిస్తే గెలుపు మాత్రం మామూలు బిళ్లల్లో ఇచ్చి, ఉచిత బిళ్లను తీసేసుకుంటారు. రూలెట్‌లో 36 అంకెల్లో సగం ఎరుపు, సగం నలుపు. ఎరుపు మీద 1,000 ఉచిత బిళ్ల పెడితే 37లో 18 సార్లు 1,000 వస్తుంది. సగటున 486 రూపాయలు. కాబట్టి ‘రెండువేల టికెట్‌కు వెయ్యి బిళ్లలు తిరిగొచ్చేస్తాయి’ అనేవాళ్ల మాట సగానికి కొట్టేసి వినండి. వాటిని నగదుగా మార్చరు.

ఓడిన ప్రతిసారీ రెట్టింపు పెడుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు గెలవాల్సిందేగా?

ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తారు, నిజమే. దానికి అడ్డంగానే టేబుల్ మీద ఒక చిన్న బోర్డు ఉంటుంది: కనీసం 500, గరిష్ఠం 50,000 అనుకుందాం. 500, 1,000, 2,000, 4,000, 8,000, 16,000, 32,000. ఏడు పందేలు, మొత్తం 63,500. ఎనిమిదోది 64,000 కావాలి, టేబుల్ ఒప్పుకోదు. ఒక సున్నా చక్రంలో ఎరుపు మీద ఏడుసార్లు వరసగా ఓడే అవకాశం 106లో ఒకటి. మిగతా 105 సార్లు మీకు దక్కేది తలా 500, అంటే 52,500. ఆ ఒక్కసారి పోయేది 63,500.

106లో ఒకటి అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ నాలుగు గంటల్లో చక్రం 160 సార్లు తిరిగితే ఇలాంటి వరసలు 78 దాకా మొదలవుతాయి. వాటిలో కనీసం ఒకటి ఏడు దాకా వెళ్లిపోయే అవకాశం 52 శాతం. ఈ పద్ధతిలో ఆడిన ఇద్దరిలో ఒకరు ఆనందంగా ఇంటికొచ్చి ‘పనిచేస్తుంది రా’ అని చెబుతారు. రెండోవాడు ఏమీ చెప్పడు. మనకు చేరేది మొదటివాడి మాటే.

ఇంతకుముందు పడిన అంకెలు బోర్డు మీద చూపిస్తారు కదా, అవి చూసి ఆడొచ్చుగా?

అందుకే చూపిస్తారు. యూరప్‌లోని మోంటే కార్లో క్యాసినోలో 1913 ఆగస్టు 18న నలుపు వరసగా 26 సార్లు పడింది. ఇక ఎరుపు పడక తప్పదని జనం ఎరుపు మీద గుమ్మరించి పోగొట్టుకున్నారు. బంతికి గత పందెం గుర్తుండదు. ఆ బోర్డు పెట్టడం వల్ల క్యాసినోకు ఖర్చు లేదు, మీరు మాత్రం ఇంకో పది నిమిషాలు కూర్చుంటారు.

స్లాట్ మెషీన్లు? పది రూపాయలతో ఆడొచ్చంటారు.

పది రూపాయలే, కానీ గంటకు 600 సార్లు నొక్కొచ్చు. అంటే గంటకు 6,000 రూపాయల ఆట. మెషీన్ 92 శాతం వెనక్కిచ్చేదైతే గంటకు సగటున 480 పోతాయి. అదే గంటలో రూలెట్‌లో 100 చొప్పున 40 సార్లు ఆడితే సగటున పోయేది 108. చిన్న బిళ్ల చూసి చవక అనుకోవద్దు, వేగం చూడాలి.

మెషీన్ లోపల ఒక చిప్పు ఎడతెరిపి లేకుండా అంకెలు పుట్టిస్తుంటుంది. మీరు నొక్కిన క్షణంలో ఏ అంకె ఉందో దాన్ని బట్టి ఫలితం తేలిపోతుంది. తర్వాత తిరిగే బొమ్మలు చూపుకోసమే. ‘చాలాసేపటి నుంచి ఇవ్వలేదు, ఇప్పుడిస్తుంది’ అన్నదానికి అర్థం లేదు. కనీసం ఎంత వెనక్కివ్వాలో చట్టం చెప్పే చోట్లున్నాయి: అమెరికాలోని నెవాడాలో 75 శాతం, న్యూజెర్సీలో 83 శాతం.

డీలర్ కావాలని ఓడిస్తాడా? కెమెరాలు మన కోసమా, వాళ్ల కోసమా?

ఎక్కువగా వాళ్ల కోసం. క్యాసినోకు ఆటగాడి కన్నా సొంత సిబ్బంది భయం ఎక్కువ. ఒక్క రూలెట్ టేబుల్ దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. డీలర్ జేబుల మీద ఏప్రన్ కట్టి ఉంటుంది. టేబుల్ వదిలే ముందు చప్పట్లు కొట్టినట్టు చేతులు కలిపి, అరచేతులు తిప్పి పైకప్పు వైపు చూపిస్తాడు. నమస్కారం అనుకునేరు, బిళ్ల ఏదీ వేళ్ల మధ్య లేదని కెమెరాకు చూపడం అది. మీరిచ్చిన నోట్లను నేరుగా పెట్టెలో వేయడు. గుడ్డ మీద వరసగా పరిచి, పైకి మొత్తం చెప్పి, సూపర్‌వైజర్ తలూపాక చెక్కపలకతో సందులోకి నెడతాడు. బిళ్లలు ఇరవై చొప్పున దొంతరలు. ఒక దొంతర మీద రెండో దొంతర ఆనిస్తే ఎత్తు సరిపోయిందో లేదో వేలితోనే తెలిసిపోతుంది. బంతి పడ్డాక గెలిచిన అంకె మీద చిన్న గాజు గుర్తు పెడతాడు. అది తీసేదాకా ఎవరి చేయీ గుడ్డ మీదికి రాకూడదు. బంతి పడ్డాక మెల్లగా ఒక బిళ్ల జరపడమే ఆటగాళ్లు చేసే పాత మోసం.

టేబుల్ ఎంత సంపాదించిందో తెలియడానికి ప్రతి పందెం రాయక్కర్లేదు. షిఫ్టు మొదట్లో ట్రేలో 20 లక్షల బిళ్లలున్నాయి. మధ్యలో బిళ్లలు తగ్గి కౌంటర్ నుంచి 5 లక్షలు తెప్పించారు. చివర్లో ట్రేలో 17 లక్షలు, కింది పెట్టెలో 14 లక్షల నగదు. 17, 14 కలిపితే 31. అందులోంచి 20, 5 తీసేస్తే 6 లక్షలు మిగులు. ఇక్కడ తప్పు జరిగేది ఎక్కువగా ఆ 5 లక్షలు తెప్పించినప్పుడు రాసే చీటీ దగ్గరే. చీటీ పోతే మిగులు ఆరు కాదు, పదకొండు లక్షలుగా కనిపిస్తుంది. ఆ ఐదు లక్షలు ఎవరి జేబులోకైనా పోవచ్చు. అందుకే చీటీకి మూడు కాపీలు, ఇచ్చినవాడి సంతకం, మోసుకొచ్చిన సెక్యూరిటీ సంతకం, తీసుకున్న డీలర్ సంతకం. ఒక కాపీ పెట్టెలోకే పోతుంది. ఆ పెట్టెకు రెండు తాళాలు, రెండూ వేరువేరు మనుషుల దగ్గర.

చెల్లింపులో తేడా వచ్చిందని అనిపిస్తే మీరు చేయాల్సింది ఒక్కటే: బిళ్లలు తాకకుండా వెంటనే సూపర్‌వైజర్‌ను పిలవండి. కెమెరా చూసి తేలుస్తారు. తర్వాతి ఆట మొదలయ్యాక చెబితే కష్టం.

కార్డులు గుర్తుపెట్టుకుని బ్లాక్‌జాక్‌లో గెలవొచ్చంటారే?

లెక్కప్రకారం వీలవుతుంది, నేరం కూడా కాదు. కానీ ముక్కల్ని ఆడిన వెంటనే తిరిగి కలిపేసే మెషీన్ ఉన్న టేబుల్ మీద గుర్తుపెట్టుకోవడానికి ఏమీ మిగలదు. మిగతా చోట్ల పసిగడితే మర్యాదగా వేరే ఆట ఆడుకోమంటారు.

పెద్ద మొత్తం గెలిస్తే నిజంగా ఇస్తారా?

ఇస్తారు. ఇవ్వకపోతే లైసెన్స్‌కే ముప్పు. పైగా ఎవరో ఒకరు గెలుచుకుని ఊరికి రావడం కన్నా మంచి ప్రచారం వాళ్లకు దొరకదు. ఒక రాత్రి ఒక టేబుల్ నష్టపోవడం మామూలే. వేల పందేలు పడేసరికి సగటు దారికొస్తుంది. అందుకే గరిష్ఠ పరిమితి పెడతారు. ఒకే మనిషి ఒకే పందెంతో నెల సగటును చెడగొట్టకుండా ఉండడానికి.

పన్నులు ఎలా పడతాయి?

రెండు వేరు పన్నులు. మొదటిది జీఎస్టీ. 2023 అక్టోబర్ 1 నుంచి బిళ్లలు కొన్న మొత్తం మీద 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం అయింది. గెలిచిన బిళ్లలతో మళ్లీ ఆడితే మళ్లీ పడదు. కానీ కొన్న బిళ్లలు ఆడకుండా తిరిగిచ్చేసినా కట్టిన పన్ను వెనక్కి రాదు. ఇది తెలియక ‘చూద్దాం లే’ అని లక్షకు కొనేవాళ్లున్నారు.

క్యాసినో వైపు నుంచి చూడండి. ఒక టేబుల్ మీద 40 లక్షల బిళ్లలు అమ్మితే 20 శాతం హోల్డ్ చొప్పున మిగిలేది 8 లక్షలు. పన్ను 16 లక్షలు. సొంతంగా భరించే వీలే లేదు. ఆ భారం ఏదో రూపంలో ఆటగాడి మీదికి రావాల్సిందే. మీరిచ్చే 10,000లో పన్ను కలిసే ఉందంటే బిళ్లల విలువ 7,143. కౌంటర్ దగ్గర డబ్బిచ్చే ముందు ‘ఎంత ఇస్తే ఎన్ని బిళ్లలొస్తాయి’ అని అడగండి. ఒక్క చక్రం తిరక్కముందే పడే తరుగు ఇది. పైన చెప్పిన 2.7 దీని ముందు చిన్నదే.

రెండోది ఆదాయపు పన్ను. గెలుపు మీద 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు, మొత్తం 31.2. మొన్న పోయినవి ఇవాళ్టి గెలుపులోంచి తీసేయడం కుదరదు. పొగాకులో నష్టమొచ్చిందని ఇందులో చూపడమూ కుదరదు.

నగదు విషయం: ఒక మనిషి దగ్గర ఒకే రోజు 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. మనీ లాండరింగ్ చట్టం కిందికి క్యాసినోలు కూడా వస్తాయి. కాబట్టి ఆధార్, పాన్ అడిగితే విసుక్కోవద్దు.

మన రాష్ట్రంలో క్యాసినో ఎందుకు లేదు? గోవా వెళ్లి ఆడితే కేసవుతుందా?

జూదం మీద చట్టం చేసే అధికారం రాష్ట్రాలది. మనకు 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ఉంది. గోవా 1976 నాటి తన చట్టాన్ని సవరించి ముందు స్టార్ హోటళ్లలో మెషీన్లకు, తర్వాత నీటి మీది ఓడల్లో టేబుల్ ఆటలకు అనుమతిచ్చింది. పణజిలో మాండవి నది మీద కనిపించే ఓడలు అవే. సిక్కింకు 2002 చట్టం ఉంది. అనుమతి ఉన్న చోట ఆడితే ఇక్కడ కేసుండదు. ఇక్కడి తోటల్లో, లాడ్జీల్లో టేబుల్ వేసి ‘గోవా తరహా’ అంటే మాత్రం నడిపేవాళ్లకూ ఆడేవాళ్లకూ కేసే.

రమ్మీ సంగతి వేరు. అది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఆ కేసు వెళ్లింది అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం నుంచే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద. మూడు ముక్కలాటకు ఆ మినహాయింపు లేదు. 2020లో రాష్ట్రం చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను కూడా నిషేధం కిందికి తెచ్చింది.

ఇంకో విడ్డూరం. గోవా క్యాసినోల్లోకి గోవా వాళ్లకు 2020 ఫిబ్రవరి 1 నుంచి ప్రవేశం లేదు. సిక్కింలో సిక్కిం వాళ్లకు లేదు. నేపాల్‌లో నేపాలీలకు లేదు. మన కోసమే తెరిచి పెట్టారన్నమాట.

ఫోన్లో లైవ్ క్యాసినో యాప్‌లు?

2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ, నైపుణ్యం ఉన్నా లేకున్నా, నిషేధించింది. ఇంకా తిరుగుతున్న లింకులు విదేశీ సైట్లవి, లేదా ఒట్టి దొంగవి. డబ్బు వేరే ఎవరి పేరుతోనో ఉన్న యూపీఐకి పంపమంటే అక్కడే ఆగండి. పోయాక గంటల్లోపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేస్తే ఖాతా స్తంభింపజేసే అవకాశం కొంత ఉంటుంది.

టూర్ తీసుకెళ్లే ఏజెంటుకు ఏం మిగులుతుంది?

మీరు ఆడిన దాని మీద కమీషన్. మీకు ప్రత్యేక బిళ్లలిస్తారు, వాటిని నగదుగా మార్చలేరు, పందెం పెట్టడానికే పనికొస్తాయి. గెలుపు మామూలు బిళ్లల్లో వస్తుంది. వాటిని మళ్లీ ప్రత్యేక బిళ్లలుగా మార్చుకోమని ఏజెంటు పక్కనే ఉండి చెబుతుంటాడు. ఎందుకంటే ఎన్ని ప్రత్యేక బిళ్లలు తిరిగితే అతనికి అంత. చైనాలో క్యాసినోలకు పేరున్న మకావ్‌లో ఈ కమీషన్‌కు 2009లో 1.25 శాతం గరిష్ఠ పరిమితి పెట్టారు, ఏజెంట్ల కోసం క్యాసినోలు అంత గట్టిగా పోటీ పడేవి. ‘మీరు గెలవాలనే నా కోరిక’ అని అతనన్నది అబద్ధం కాకపోవచ్చు, కానీ మీరు లేచిపోతే అతనికి నష్టం.

అసలు గొడవ అప్పుతో. చేతిలో డబ్బైపోయాక ‘ఊరెళ్లాక చూసుకుందాం అన్నా’ అని ఐదు లక్షల బిళ్లలు ఇప్పిస్తాడు, ఖాళీ చెక్కు మీద సంతకం తీసుకుంటాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. అంతమాత్రాన గండం గడిచిందనుకోవద్దు. సంతకం చేసిన చెక్కు అతని చేతిలో ఉంటే అది అప్పు కోసమే ఇచ్చారని కోర్టు ముందుగా భావిస్తుంది, కాదని చూపాల్సిన పని మీది. ఖాళీ చెక్కు, ప్రామిసరీ నోటు, పొలం కాగితాలు ఇంట్లోనే వదిలి వెళ్లండి. చేతిలో లేనిది ఇవ్వలేరు.

వెళ్లాలంటే ఏం కావాలి?

21 ఏళ్లు నిండాలి. ఒరిజినల్ గుర్తింపు కార్డు కావాలి. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లకు అమరావతి ఎక్స్‌ప్రెస్ మడ్గావ్ దాకా నేరుగా ఉంది. నెల్లూరు, కావలి వాళ్లు విజయవాడ వైపు వెళ్లి ఎక్కడమో, చెన్నై వెళ్లి విమానం పట్టుకోవడమో చేస్తారు. ఓడలోకి పణజి జెట్టీ నుంచి చిన్న పడవలో తీసుకెళ్తారు. శుక్ర, శని, ఆదివారాల్లో టికెట్ ఎక్కువ, టేబుల్ కనీస పందెం కూడా పెంచేస్తారు. 500 టేబుల్ కోసం వెళ్లి 1,000 టేబుల్ దగ్గర కూర్చోవాల్సి వస్తుంది. ఆ ఒక్క మార్పుతో మీ రాత్రి ఖర్చు రెట్టింపు.

మా అబ్బాయి డీలర్ ఉద్యోగానికి వెళ్తానంటున్నాడు.

నిజమైన ఉద్యోగమే. రెండు మూడు నెలల శిక్షణ ఉంటుంది. అందులో ముక్కలు పంచడం కన్నా ఎక్కాలే ఎక్కువ: రూలెట్‌లో ఒక అంకెకు 35, రెండు అంకెల గీతకు 17, మూడింటికి 11, నాలుగు మూలకు 8, ఆరింటికి 5. వీటిని పది రకాల దొంతరలతో కలిపి సెకన్లలో నోటితో చెప్పాలి. రాత్రి షిఫ్టు, నిలబడి పని. టిప్పులు ఒక పెట్టెలో వేసి అందరూ పంచుకుంటారు.

విదేశీ క్యాసినోలో ఉద్యోగం, విజిటింగ్ వీసా మీద రండి, కంబోడియా, లావోస్, మయన్మార్ అంటే మాత్రం పంపొద్దు. అలా వెళ్లిన తెలుగు పిల్లలను పాస్‌పోర్టు లాక్కుని ఆన్‌లైన్ మోసాలు చేయించిన ఉదంతాలు బయటపడ్డాయి. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. పేరు లేకపోతే ఇక మాట్లాడక్కర్లేదు.

ఇంట్లో ఒకరు ఆపుకోలేకపోతున్నారు. ఏం చేయాలి?

అప్పు తీర్చడానికి తొందరపడకండి, ముందు అప్పు పుట్టే దారులు మూయండి. తీర్చిన అప్పు మళ్లీ పుడుతుంది. బ్యాంకు యాప్ పరిమితి తగ్గించండి, బంగారం లాకర్ తాళం చేతులు మార్చండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. క్యాసినోకు తనంతట తాను రాసిచ్చి ప్రవేశం ఆపించుకునే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. వెళ్లే చోట ఉందేమో అతని చేతే అడిగించండి.

లేచి వచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

రూలెట్‌లో మీకిచ్చిన రంగు బిళ్లలకు ఆ టేబుల్ దాటితే విలువ లేదు. నీలం మీదైతే, నీలం బిళ్ల ఎంతన్నది ఆ డీలర్ దగ్గర పెట్టిన గుర్తుకే తెలుసు. లేచే ముందు ‘మార్చండి’ అని మొత్తం ముందుకు నెట్టి, విలువ ముద్రించిన బిళ్లలు తీసుకోండి. వాటిని కౌంటర్‌లో ఇచ్చి డబ్బు, రసీదు తీసుకోండి. రసీదు ఆదాయపు పన్నుకు కావాలి. ఒక క్యాసినో బిళ్లలు పక్క ఓడలో చెల్లవు. కౌంటర్ నుంచి పడవ దాకా నడిచే దారిలో ఇంకో రెండు టేబుళ్లు ఉంటాయి. అవి అక్కడ ఊరికే పెట్టలేదు.